ఇరవై మూడో అట్ట

నోట్లో మూడు కుట్లు పెట్టుకుని మనిషి ఎవరి మీదైనా ఏం అరవగలదు? సోమవారం పొద్దున అట్టలక్కకి మాత్రం అరవాలనే ఉంది. జ్ఞానదంతం పీకించుకుని నాలుగు రోజులైంది. ఎడమ చెంప వాచి కంటిదాకా ఎక్కింది. మాట కంటే గాలే ఎక్కువ వస్తోంది. ఎదురుగా వంటింటి గడప మీద తోటికోడలు కూర్చుని ఒక కాగితాన్ని నాలుగోసారి చదువుతోంది.

ఆ కాగితం టీవీ స్టూడియో నుంచి వచ్చింది. పోయిన శనివారం కార్యక్రమంలో అట్ట తప్పుగా రాసి, అతిథికి అవమానం జరగడానికి కారణమైనందుకు ఈ శనివారం మధ్యాహ్నం లోగా సంజాయిషీ ఇవ్వాలట. ఇవ్వకపోయినా, ఇచ్చింది నచ్చకపోయినా దుస్తుల గదిలో ఆమె కుట్టుపని ఊడినట్టే.

"నేను తప్పు రాయలేదక్కా," అంది తోటికోడలు.

అట్టలక్క తల ఊపింది. తప్పు రాయలేదని ఆమెకి తెలుసు. రాత తప్పు కానప్పుడు తప్పెలా జరిగిందో కూడా తెలుసు. ఆ తెలియడమే కుట్లకంటే ఎక్కువగా సలుపుతోంది.

శనివారం సాయంత్రం ఆరింటికి "బాబాయితో శనివారం" మొదలైతే వీధుల్లో జనం పల్చబడతారు. పాటలు, మిమిక్రీ, గారడీ, నడుమ ఎవరో ఒక మామూలు మనిషిని వేదిక మీదికి పిలిచి కబుర్లు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఇదే వరస. బాబాయి ఎవరికీ సొంత బాబాయి కాడు కాబట్టి అందరికీ బాబాయే అయ్యాడు. కెమెరా పక్కన ముక్కాలిపీట ఎక్కి, ఆయన ఏం మాట్లాడాలో రాసిన పెద్ద పెద్ద అట్టలు ఒకటొకటిగా ఎత్తి చూపించేది అట్టలక్క. మొదటి వారం నుంచీ ఆమే. పోయిన శనివారం మాత్రం ఆ పీట ఎక్కలేక, చేయి తిరిగిన రాత కదా అని తోటికోడల్ని ఎక్కించింది.

ఆ రోజు వచ్చిన అతిథి ఒక బస్సు డ్రైవరమ్మ. బ్రేకులు పోయిన బస్సుని ఏటవాలు రోడ్డు మీద ఇసకగుట్టకి ఎక్కించి నలభై మందిని కాపాడింది. బాబాయి ఆమెని నవ్వించాడు, చప్పట్లు కొట్టించాడు. ఆ పైన తన పాత అలవాటు ప్రకారం, "ఇంతకీ మీ ఆయన ఇప్పుడు ఇంట్లో ఏం చేస్తున్నట్టు? మనల్ని చూస్తున్నాడా, నిద్రపోతున్నాడా?" అన్నాడు. జనం గొల్లుమన్నారు. డ్రైవరమ్మ మైకు కుర్చీలో పెట్టి దిగిపోయింది. ఆమె భర్త పోయి మూడు నెలలైంది. ఆ మాట అట్ట మీద ఉంది. బాబాయి మాత్రం నిమిషం తిరక్కుండానే కెమెరాలోకి చూసి, అట్ట మీద తప్పు రాశారు, మన్నించండి అన్నాడు.

అంతే, దేశమంతా నమ్మేసింది. దేశం సంగతెందుకు, ఇంట్లో అత్తగారే నమ్మింది. ఆవిడకి బాబాయి మాటంటే మాటే. నువ్వేదో పరధ్యానంలో రాసుంటావే, బాబాయి అబద్ధమాడతాడా అని చిన్నకోడల్ని ఆదివారమంతా సతాయించింది. కోడలు అత్తగారి జాకెట్టు హుక్కులు, మొగుడి ప్యాంటు జిప్పు, ఏది దొరికితే అది కుట్టుకుంటూ కూర్చుంది.

బాబాయికి చదవడం రాదు. ఈ సంగతి భూమ్మీద ఇద్దరికే తెలుసని అట్టలక్క నమ్మకం. ఒకరు ఆయన, రెండోది తను. సంతకం ఒక్కటే నేర్చుకున్నాడు, అదీ బొమ్మ గీసినట్టు గీస్తాడు. అందుకే ఆమె అట్టల మీద పైన ఒక వరస అక్షరాలు నామకార్థం రాసి, కింద అసలు సంగతి బొమ్మల్లో పెడుతుంది. గొడుగు అంటే విరామం. చీమ అంటే నెమ్మదిగా. గంట అంటే టైమైపోయింది. ఇల్లు గీసి దాని మీద తాళం వేస్తే ఇంటి సంగతులు ఎత్తొద్దని. ఎవరైనా అడిగితే ఆయనకి బొమ్మలంటే సరదా అని చెప్పి నవ్వేస్తుంది. ఆయనా నవ్వేస్తాడు.

పోయిన శనివారం ఆ తాళం లేదు. స్టూడియోలో ఉన్న తోటికోడలికి ఫోనులో గునుస్తూ, మూలుగుతూ అతిథుల వివరాలన్నీ చెప్పింది కానీ, బొమ్మలెయ్యి అనే ఒక్క మాట మాత్రం చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతుంది కదా. ఎలాగోలా నెట్టుకొస్తాడులే అనుకుంది. అనుకున్నది తను, పడ్డది తోటికోడలు.

మంగళవారం వాపు తగ్గీ తగ్గకముందే స్టూడియోకి వెళ్ళింది. అట్టల గది మెట్ల కింద ఉంటుంది. దానికి కిటికీ లేదు, రంగు వాసన తప్ప గాలి లేదు. అట్టలు ఒక్కోటీ మనిషి ఛాతీ అంత ఉంటాయి. ఒక వైపు వాడాక రెండో వైపు వాడతారు, అప్పుడే పారేస్తారు. గోడకి ఆనించిన దొంతర్లో వేళ్ళతో ఒక్కో అంచూ తిప్పుకుంటూ వెళ్ళింది. అట్ట చినిగిపోయిందని బాబాయి అందరికీ చెప్పాడట. చినిగిపోలేదు. పదకొండో అట్ట వెనక తలకిందులుగా నిలబెట్టి ఉంది.

బయటికి లాగి చదివింది. తోటికోడలి రాత. బట్టల మీద గుర్తులు పెట్టేటప్పుడు సుద్దముక్కతో ఎంత నిదానంగా గీస్తుందో అంత నిదానంగా రాసింది. "ఈవిడ భర్త పోయి మూడు నెలలు. ఇంటి సంగతి అడగొద్దు." కింద బారెడు ఖాళీ. తాళం వేసిన ఇల్లు ఉండాల్సిన చోటు అది.

"దొరికిందా?"

ప్రొడ్యూసరు గుమ్మంలో ఉన్నాడు. కొత్తగా వచ్చినవాడే కానీ ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. అట్టలక్క అట్టని ఛాతీకి ఆనించుకుని రాత తనవైపు తిప్పుకుంది. అతనివైపు వెనక భాగం ఉంది, దాని మీద ఏనాడో గీసిన గొడుగు.

ఏదండీ అని అడిగింది. ఆ పాడు అట్టే అన్నాడు అతను. ఈ శనివారంతో ముప్ఫయ్యో ఏడు మొదలవుతోందనీ, పత్రికలవాళ్ళు ముందు వరసలోనే కూర్చుంటారనీ, ఆ అట్ట చూపించి తప్పు ఎవరిదో తేల్చేస్తే పీడ విరగడవుతుందనీ చెప్పాడు. వచ్చే నెల నుంచి అట్టలు తీసేసి కెమెరా ముందు అక్షరాలు నడిచే తెర పెడతారట. అందులో తప్పులుండవు అన్నాడు. గొడుగు బొమ్మ వైపు ఒకసారి చూశాడు, ఆమె చెంప వైపు చూశాడు, పసుపు రంగు మాత్ర వేసుకోండి వాపు తగ్గుతుందని చెప్పి వెళ్ళిపోయాడు.

అతని చెప్పుల చప్పుడు మెట్లెక్కేదాకా ఆమె అలాగే నిలబడింది. ఇచ్చి ఉంటే తోటికోడలు బయటపడేది. రాత సరిగ్గా ఉంటే మరి ఈయనెందుకు తప్పన్నాడు అనే ప్రశ్న ఆ మరునిమిషంలోనే పుట్టేది. అక్షరాలు నడిచే తెర ముందు బాబాయిని ఊహించుకుంది. అట్టని దొంతర అడుగున పడుకోబెట్టి, దాని మీద కొత్త అట్టలు పేర్చింది.

బుధవారం నాలుగు గంటలకి మేకప్ గదికి వెళ్ళింది. కార్యక్రమం లేని రోజుల్లో కూడా బాబాయి ఆ అద్దం ముందే కూర్చుంటాడు. చేతిలో మడిచిన పేపరు ఉంది. ఎప్పుడూ ఉంటుంది. టీ చుక్క పడితే ఆ పేజీకి బాధపడతాడు కూడా. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, రంగు లేకుండా చూస్తే ఇంకో అయిదు కలపాలి.

"పన్ను ఎలా ఉందమ్మాయ్?" అన్నాడు. యాభై ఒకటి దాటినా ఆయనకి ఆమె అమ్మాయే.

అట్ట దొరికిందని చెప్పింది. పేపరు అంచుని బొటనవేలితో రుద్దడం మొదలుపెట్టాడు. అద్దంలోంచే ఆమెని చూశాడు, తిరిగి చూడలేదు.

"చించెయ్."

"బాబాయ్ గారూ, అది నా తోటికోడలు. మీకు తెలుసు కదా."

తెలుసన్నాడు. తెలిసే అన్నాననుకున్నావా, ఆ నిమిషంలో నోటికి ఏదొస్తే అదొచ్చింది అన్నాడు. నాటకాల కంపెనీలో తనకి తెలిసినవాళ్ళున్నారు, అక్కడ కుట్టుపని ఇప్పిస్తానన్నాడు. తప్పు చేసి వెళ్ళగొట్టబడ్డ మనిషిని అక్కడ మాత్రం ఏ ముఖంతో నిలబడమంటారని అట్టలక్క అడిగింది. ఆయన లేచి తలుపు దగ్గరికి వెళ్ళి, గొళ్ళెం వేసుందో లేదో చూసి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"ఈ వయసులో ఈ సంగతి బయటపడితే నన్ను చూసి నవ్వుతారమ్మాయ్."

"ఇన్నేళ్ళూ నవ్విస్తూనే ఉన్నారుగా."

"అది వేరు, ఇది వేరు."

బాబాయి పేపరు తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పేపరు తిన్నగానే ఉంది. బొమ్మ చూసి పట్టుకుంటాడు. అట్టలక్కకి ఆయన మీద ఒళ్ళు మండింది, ఆ వెంటనే జాలేసింది, జాలేసినందుకు తన మీద తనకే మళ్ళీ ఒళ్ళు మండింది.

గురువారం అంతా ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగింది. పాలు పొంగబెట్టింది. భర్త ఏమిటని అడిగితే పన్ను అంది. మరిది ఏమిటని అడిగినా పన్నే అంది. సాయంత్రం తోటికోడలు కుట్టుమిషను మీద నుంచి గుడ్డముక్కలు తీసేసి, అక్కడే కాగితం పెట్టుకుని సంజాయిషీ రాసింది. రాసి తెచ్చి చేతికిచ్చింది.

"అట్ట మీద నేనే తప్పు రాశాను. పొరపాటుకి మన్నించి పని ఇప్పించగలరు."

అట్టలక్క తలెత్తి చూసింది. ఇదేమిటే అంది. తోటికోడలు కింద కూర్చుని, పాదం మీద అంటుకున్న దారప్పోగులు ఏరుకోవడం మొదలుపెట్టింది.

"నేను పీట మీద నుంచి ఆయన కళ్ళు చూశానక్కా. చదివేవాళ్ళ కళ్ళు అట్ట మీద ఇటు నుంచి అటు వెళ్తాయి. ఆయనవి వెళ్ళలేదు. కిందా మీదా దేనికోసమో వెతికాయి. ఇంటికొచ్చాక నీ బొమ్మలు గుర్తొచ్చాయి."

"మరి చెప్పవేమే?"

"నువ్వు చెప్పలేదుగా. నువ్వు చెప్పకుండా దాచినది నేనెలా చెప్పేది?"

ఆ మాట అన్నది కోపంగా కాదు, మామూలుగానే. అందుకే అట్టలక్క తట్టుకోలేకపోయింది. ఏడిస్తే కుట్లు లాగుతాయని డాక్టరు చెప్పలేదు కానీ లాగుతాయి. రేపో ఎల్లుండో నువ్వే ఇచ్చెయ్యక్కా, నాకు వాళ్ళ ముఖాలు చూడాలని లేదు అంది తోటికోడలు. కాగితం మడిచి అట్టలక్క సంచిలో పెట్టింది.

శుక్రవారం అట్టలు రాసే రోజు. లావు మార్కర్లు మూడు, నల్లవి. నేల మీద అట్ట పరిచి మోకాళ్ళ మీద వంగి గీస్తుంది. ముప్ఫయ్యో ఏటి మొదటి కార్యక్రమానికి ఇరవై రెండు అట్టలు. పిట్ట, పాట మొదలు. టోపీ, గారడీవాడు. గొడుగు. మళ్ళీ పాట. చెయ్యి ఊపే మనిషి, సెలవు. ఇరవై రెండూ అయ్యేసరికి నడుం పట్టేసింది. లేవబోయి ఆగింది. ఇంకో అట్ట లాక్కుని పరిచింది.

ఈ బొమ్మ ఎప్పుడూ వెయ్యలేదు. చక్రం, పక్కన వంపు తిరిగిన మెడ, కింద పాదం పెట్టే పలక. కుట్టుమిషను. సూది దగ్గర గీత రెండుగా వచ్చింది. పైన నామకార్థపు అక్షరాలు కూడా రాయలేదు. ఆఖరి పాటకీ సెలవుకీ మధ్యలో దాన్ని పెట్టింది. పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. ఆయన దీన్ని చూసి ముందుకెళ్ళిపోతే ఏం చెయ్యాలో ఆమె దగ్గర ఇంకో ఉపాయం లేదు. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆయన ఒక్క అట్టని కూడా దాటెయ్యలేదు, అదొక్కటే ధైర్యం.

శనివారం మధ్యాహ్నం పన్నెండయింది. ప్రొడ్యూసరు గది ముందు నుంచి రెండుసార్లు నడిచింది. సంచిలో కాగితం ఉంది. ఇస్తే తోటికోడలికి పని దక్కొచ్చు, తప్పు మాత్రం జన్మంతా దక్కుతుంది. ఇవ్వకపోతే పనీ పోతుంది, సాయంత్రం తను అనుకున్నది జరక్కపోతే ఇంక ముఖం ఎత్తే పనే లేదు. పన్నెండుంపావు అయింది. ప్రొడ్యూసరు బయటికొచ్చి సంజాయిషీ ఏదని అడిగాడు. రాయలేదండీ అంది అట్టలక్క. పుట్టి బుద్ధెరిగాక ఇంత నిదానంగా ఆమె అబద్ధమాడలేదు. సరే అయితే, సోమవారం నుంచి రావద్దని చెప్పండి అన్నాడతను.

ఆరు గంటలకి లైట్లు వెలిగాయి. మూడు వందల మంది జనం, ముందు వరసలో పత్రికలవాళ్ళు. బాబాయి నీలం కోటులో పరుగున వచ్చాడు, వయసు ఎక్కడో వదిలేసి వచ్చినట్టు. అట్టలక్క పీటెక్కి నిలబడింది. పిట్ట ఎత్తింది, పాట మొదలైంది. టోపీ ఎత్తింది, గారడీవాడు వచ్చాడు. ఆయన చూపు ఆమె చేతుల్లోకి వచ్చి పోతోంది, ఎప్పటిలాగే. ఆఖరి పాట అయిపోయింది. చప్పట్లు.

కుట్టుమిషను ఎత్తింది.

బాబాయి చూశాడు. నవ్వు ముఖం మీద అలాగే ఉంది కానీ లోపల ఎవరో లేచి వెళ్ళిపోయారు. సెలవు అట్ట కోసం ఆయన కళ్ళు కుట్టుమిషను వెనక వెతికాయి. ఆమె దింపలేదు. భుజాలు లాగుతున్నాయి. ప్రొడ్యూసరు అద్దాల గదిలో నిలబడి చెయ్యి గిరగిరా తిప్పుతున్నాడు, కానివ్వండని. ఆమె అటు చూడలేదు. ఎంతసేపయిందో తెలియదు. జనం గొంతులు సవరించుకోవడం వినబడింది.

"పోయిన వారం ఇక్కడ నేనొక మాట అన్నాను," అన్నాడు బాబాయి. "అట్ట మీద తప్పు రాశారని. అట్ట మీద తప్పు లేదు. నాకు చదవడం రాదు."

హాలంతా గొల్లుమంది.

ముందు వరసలో ఒకాయన తొడ చరుచుకున్నాడు. వెనక ఎవరో ఈల వేశారు. బాబాయి చెయ్యెత్తి, నిజమండీ, అక్షరం ముక్క రాదు అన్నాడు. ఆ చెయ్యెత్తడం, ఆ గొంతు, ఇరవై తొమ్మిదేళ్ళుగా జనం చూసినవే. ఇంకా నవ్వారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. జనాన్ని నవ్వించడం తప్ప నవ్వు ఆపడం ఆయనకి ఎవరూ నేర్పలేదు. అట్టలక్క వైపు తిరిగాడు. ఆమె దగ్గర దానికి బొమ్మ లేదు. నవ్వకండి, ఇది నిజం అని చెప్పే బొమ్మ ఎప్పుడూ అవసరం పడలేదు.

"అమ్మాయ్," అన్నాడు మైకులోనే. "ఆ అట్ట చించేశావా?"

లేదని తల ఊపింది. పీట దిగి, కొత్త అట్టలతో పాటు మోసుకొచ్చిన ఆ పాత అట్టని దొంతర అడుగు నుంచి లాగింది. మళ్ళీ పీట ఎక్కి, ఆయనకి కాదు, జనానికి కనబడేలా తిప్పి పట్టుకుంది. పక్కనున్న కెమెరామాన్ ఎవరూ చెప్పకుండానే కెమెరాని ఆయన మీద నుంచి తిప్పి అట్ట మీద పెట్టాడు. ఆమె అతని వైపు చూసింది. అతను తల దించుకున్నాడు. అంటే ఇతనికీ ఎప్పటినుంచో తెలుసన్నమాట. ఇంకెంతమందికి తెలుసో, అందరూ కలిసి ఒక్కదాని మీదికి నెట్టేసి ఊరుకున్నారు.

"దాని మీద ఏముందో నాకు తెలీదు," అన్నాడు బాబాయి. "మీరు చదివి చెప్పండి."

ఇది ఇంకో ఆట అనుకున్నారు. మూడు వందల మందీ హుషారుగా, బళ్ళో పిల్లల్లా ఒక్క గొంతుతో ఎత్తుకున్నారు. "ఈవిడ భర్త పోయి..." అనేసరికి గొంతులు సగమయ్యాయి. "మూడు నెలలు" అన్నవాళ్ళు కొద్దిమందే. రెండో వాక్యం దగ్గరికి వచ్చేసరికి వెనక వరసలో ఒక ముసలాయన ఒక్కడే మిగిలాడు. కళ్ళజోడు సరిచేసుకుంటూ, కూడబలుక్కుంటూ, "ఇంటి సంగతి అడగొద్దు," అని చదవడం పూర్తి చేశాడు. ఎవరూ నవ్వలేదు.

బాబాయి చేతులు కట్టుకుని విన్నాడు. ఆఖర్న తల ఊపాడు.

"ఇది రాసినావిడ మా దుస్తుల గదిలో కుడుతుంది. ఈ కోటు కూడా ఆవిడ కుట్టిందే. ఆవిడ సరిగ్గా రాసింది. నేను ఆవిడ మీదికి తోసేశాను," అన్నాడు. బస్సు డ్రైవరమ్మని కూడా తలుచుకుని మన్నించమన్నాడు. చెయ్యి ఊపే మనిషి బొమ్మ ఎత్తబోయి అట్టలక్క ఆగిపోయింది. ఆయన ఆ బొమ్మ లేకుండానే వేదిక దిగిపోయాడు.

అట్టలక్క ఇంటికి వచ్చేసరికి ఎనిమిది కావస్తోంది. టీవీలో ఏదో ప్రకటన వస్తోంది, ఎవరూ చూడడం లేదు. ప్రొడ్యూసరు ఫోను చేశాడట, సోమవారం రమ్మన్నాడట. భర్త చెప్పాడు. బాబాయి సంగతేమిటో ఎవరికీ తెలియదు. అత్తగారు తన కుర్చీ వదిలేసి వంటింట్లో టీ పెడుతోంది. గ్లాసులో పోసి తెచ్చి, చిన్నకోడలి ముందు పెట్టి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

తోటికోడలు కుట్టుమిషను దగ్గర కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అట్టలక్క సంచిలోంచి సంజాయిషీ కాగితం తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. తోటికోడలు విప్పి చూసుకుంది. మళ్ళీ మడిచింది. టీ గ్లాసు కింద పెట్టింది.

"అక్కా," అంది. "ముసలాయన రెండో లైను దగ్గర ఎందుకలా తడబడ్డాడు? నా అక్షరాలు మరీ చిన్నగా రాశానా?"